చుక్కల రిజిస్టరు

మొత్తం ఇరవై రెండు ప్రశ్నల ఫారం. అందులో పద్దెనిమిదింటికి పశుసంవర్ధక శాఖలో పనిచేసే మల్లికార్జున్ ఆఫీసు కుర్చీలోంచి కదలకుండానే జవాబులు నింపేశాడు. టీకా మందును లెక్కకట్టి పంచే కొత్త యాప్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది, ఊళ్లలో సిగ్నల్ అందుతోందా, గొర్రెల టీకా మందు వృథా ఎంత తగ్గింది, ఇలాంటివన్నీ కంప్యూటరే చెప్పేసింది. నిరుటి దాకా నూటికి పద్దెనిమిది డోసులు లెక్కాపత్రం లేకుండా పోయేవి. కొత్త విధానం పెట్టిన ఆరు నెలల్లో పద్దెనిమిది కాస్తా ఒకటికి దిగింది. ఈ ఒక్క అంకె చూసే పై ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలిన నాలుగు ప్రశ్నలకు మాత్రం ఊరికి పోయి, జీవాలున్న వాళ్లను అడిగి రాసుకురావాలి. ఆ నాలుగింటి కోసమే అతను సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున కోస్గిలో బస్సు దిగి, ఎర్రగుట్టపల్లికి ఆటో ఎక్కాడు.

ఎన్నో ఊళ్లుండగా ఆ ఊరినే ఏరడానికి కారణం ఉంది. టీకాలు నూటికి నూరు పడ్డాయని యాప్ చెప్పినా, తొలకరి దాటగానే చిటుక రోగం తగిలి గొర్రెలు చచ్చిన ఊరు అదొక్కటే. చిటుక రోగానికి వైద్యం చేసేంత వ్యవధి ఉండదు. వానకు మొలిచిన లేతగడ్డి మేసి, మధ్యాహ్నం దాకా గంతులేసిన గొర్రె సాయంత్రం కాళ్లు తన్నుకుని పడిపోతుంది. వానలకు ముందే టీకా వేయాలి, వేస్తే నిలవాలి. ఇక్కడ వేశారు, అయినా నిలవలేదు. జానమ్మ అనే ఆమె మందలో అరవై ఉంటే అరవైకీ టీకా పడింది, పదిహేడు చచ్చాయి. కంప్యూటరు తప్పు చేయదు కాబట్టి తప్పు మనిషిదే అయి ఉండాలని ఆఫీసు తేల్చేసింది. మందును చల్లగా కాపాడడంలో నిర్లక్ష్యం వహించారంటూ ఆ ఊరి పశువైద్య సహాయకుడు రఘుపతికి మెమో పంపింది.

రఘుపతి అప్పుడు ఉపకేంద్రం ముందు, పశువులను నిలబెట్టే ఇనుప బోను దగ్గర, ఒక ఆవు గిట్టలో దిగిన మేకును పట్టకారుతో లాగుతున్నాడు. మల్లికార్జున్‌ను చూసి కూడా పని ఆపలేదు. మేకు వచ్చాక పుండును కడిగి, పసుపు రంగు మందు పూసి, ఆవు వీపు మీద ఒకటి చరిచి పంపించాడు. ఆ తర్వాతే చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి, "కూసోండ్రి సారూ" అన్నాడు. డిసెంబరులో రిటైరయ్యే మనిషి. ఊళ్లో అందరూ ఆయన్ను సూదుల సారు అంటారు.

"మెమోకు మీరిచ్చిన జవాబు చూసిన్నన్నా," అన్నాడు మల్లికార్జున్. "మందు చల్లగనే ఉంచిన అని ఒక్క ముక్క రాసిండ్రు. గది సరిపోదు."

"ఉంచిన సారూ. మల్ల ఉంచిన అనే రాస్త గద."

రఘుపతి లోపలికి తీసుకుపోయి ఫ్రిజ్ తెరిచి చూపించాడు. తలుపు లోపలి వైపు అట్టముక్క ఒకటి అంటించి ఉంది. ఏ రోజు కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, అప్పుడు మందును ఏ మంచు డబ్బాలోకి మార్చాడు, అన్నీ గుండ్రని అక్షరాల్లో రాసి ఉన్నాయి. మే నెలలో ఒకరోజు కరెంటు పోతే కోస్గి దాకా మోటారు సైకిల్ మీద పోయి ఐసు గడ్డలు తెచ్చినట్టు కూడా ఉంది. ఇంత జాగ్రత్త మనిషి చేతిలో మందు పాడైందంటే మల్లికార్జున్‌కు నమ్మబుద్ధి కాలేదు. కానీ నమ్మబుద్ధి కాకపోవడాన్ని ఫారంలో ఏ గడిలో రాస్తాడు?

"మరి అరవైకి అరవై సూదులు వేస్తే పదిహేడు ఎట్ల సచ్చినయన్నా?"

రఘుపతి ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు. "మందకాడికి పోదాం సారూ రేపు పొద్దుగాల. మీరే సూడుండ్రి," అన్నాడు.

మర్నాడు పొద్దెక్కక ముందే ఇద్దరూ ఊరి బయటి మెట్ట చెలకకు పోయారు. జానమ్మ మంద అక్కడ కంపచెట్ల కొమ్మలు అల్లిన దొడ్డిలో ఉంది. జానమ్మకు అరవై దాటి ఉంటాయి. ముంజేతులు మగవాడి చేతుల్లా గట్టిపడ్డాయి. గొంగడి మడిచి తల మీద వేసుకుని, ఒక గొర్రెపిల్లను ఒళ్లో ఇరికించుకుని దాని నోరు విప్పి, నాలుక మీద ఏదో పసరు రాస్తోంది. రఘుపతిని చూసి నవ్వింది గానీ, పక్కన చేతిలో టాబ్ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేసింది.

"ఆఫీసు సారు. నువ్వు భయపడకు, ఊకె అడిగి పోతడు," అన్నాడు రఘుపతి.

మల్లికార్జున్ పంతొమ్మిదో ప్రశ్న తెరిచాడు. ఎన్ని జీవాలున్నాయని అడిగాడు.

"మూడు ఇరవైలు," అంది జానమ్మ.

"అది వానలకు ముందుగద. పదిహేడు సచ్చిపోయినయి. అవి పోంగ ఇప్పుడు ఎన్నున్నయి?"

జానమ్మ పిల్ల మూతి తుడిచి కిందికి దించింది. అది తూలుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. "మూడు ఇరవైలు సారూ," అంది మళ్లీ, అంతే నెమ్మదిగా.

రఘుపతి నేల చూపులు చూస్తున్నాడు. మల్లికార్జున్ వేలు టాబ్ మీద ఆగిపోయింది. అర్థం కాక కాదు. అప్పటి దాకా అర్థం కానట్టు నడిపించుకొచ్చాడు, ఇక కుదరదు. అతనిదీ గొర్రెలు కాసే కురుమల ఇల్లే. చిన్నప్పుడు దొడ్డి దగ్గర నిలబడి వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని మొదలుపెడితే అమ్మ ఆ వేలు మీద ఒక్కటి వేసేది. మందను లెక్కపెట్టకూడదు. ఎవరైనా అడిగితే ఉన్నదాన్ని పైకి చెప్పకూడదు. తగ్గించి ఏదో ఒక అంకె చెప్పాలి, ఏళ్ల తరబడి అదే చెబుతూ ఉండాలి. లెక్క నోటి దాకా వస్తే మంద తరిగిపోతుందని వాళ్ల నమ్మకం. జానమ్మ అబద్ధమాడలేదు. వాళ్లింట్లో, మల్లికార్జున్ ఇంట్లో, ఆ మాటకు అబద్ధమనే పేరు లేదు.

"మీదే ఊరు సారూ?" అని అడిగింది జానమ్మ, అతను ఇంకో ప్రశ్న అడగకపోయేసరికి.

అతను ఊరు చెప్పాడు. ఆమె వదల్లేదు. ఎవరి ఇల్లు, ఏ గుడిసెకాడ, తండ్రి పేరేంటి అని తవ్వింది. గుర్వయ్య కొడుకునని చెప్పేదాకా ఊరుకోలేదు.

"గుర్వయ్య కొడుకువా? పొడుగు గుర్వయ్యా? ఓర్నీ, కొమురెల్లి జాతర్ల మా ఆయన, మీ బాపు ఒక్కకాడనే పండుకునేటోల్లు గద!" జానమ్మ ముఖం విచ్చుకుంది. "మరి సారూ సారూ అనుకుంట నిలవడ్డ సూడు. మనోనివే. రా బిడ్డా, లోపలికి రా."

కంపను కర్రతో జరిపి దొడ్డికి దారి చేసింది. ఆఫీసు మనిషిని ఆమె ఎన్నడూ లోపలికి రానిచ్చి ఉండదు. మల్లికార్జున్ గొర్రెల మధ్యకు పోయాడు. పెంటికల వాసన, ఉన్ని వాసన, పిల్లలు తల్లుల పొదుగుల్లో గుద్దుతున్న చప్పుడు, ఇవన్నీ అతని ఒంటికి ఎక్కడో తెలుసు. తను పోతుంటే గొర్రెలు పక్కకు జరిగి మళ్లీ దగ్గరికి వచ్చాయి. లెక్కపెట్టకుండానే తెలిసిపోయింది. నాలుగు ఇరవైలకు తక్కువ లేవు. తిరిగి చూస్తే జానమ్మ వాళ్లకు వీపు తిప్పి, దూరంగా గుట్ట వైపు చూస్తూ నిలబడి ఉంది.

"గట్లనే నిలవడ్తది ఎప్పటికీ," అన్నాడు రఘుపతి చిన్నగా. "నేను లోపల సూదులు ఏస్తుంటె ఆమె అటు తిరుగుతది. నేను సూడాలె, ఆమె సూడొద్దు."

వాళ్లు పోయేముందు జానమ్మ ఇద్దరికీ మేకపాల చాయ్ కాచి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ మల్లికార్జున్‌తో, "మీ సూదుల సారు మంచోడు బిడ్డా. ఆయన మీద ఎవరో కాయిదం రాసిండ్రట. జర నువ్వు చెప్పు, మనోనివి గద," అంది. చచ్చిన పదిహేడింటి ఊసు ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చెలక గట్టు మీద నడుస్తూ ఉంటే రఘుపతి అప్పుడు నోరు విప్పాడు. మే నెలలో యాప్ ప్రకారం ఊరికి ఏడు సీసాలు వచ్చాయి. జానమ్మ పేరు మీద అరవై డోసులు. అరవయ్యో సూది పడగానే టాబ్‌లో ఎర్రగీత వచ్చి ఆగిపోయింది. దొడ్డిలో ఇంకా నలభై దాకా గొర్రెలు సూది పడకుండా ఉన్నాయి. ఇంకా మందు కావాలని రెండుసార్లు పంపితే, నమోదైన సంఖ్యకు మించి ఇవ్వడం కుదరదని రెండుసార్లూ తిరుగు జవాబు వచ్చింది.

"పోయిన పదిహేడు ఆ మిగిలినండ్లనే," అన్నాడు రఘుపతి. "వేసినండ్ల ఒక్కటి గూడ పోలే సారూ. ఒక్కటి గూడ."

"గిది మెమోకు జవాబుల ఎందుకు రాయలేదన్నా?"

"ఏమని రాయాలె? జానమ్మ దొంగలెక్క చెప్పిందని రాయాల్నా?"

రెండేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం మల్లికార్జున్ కళ్ల ముందుకొచ్చింది. చల్లటి గది, పొడుగు బల్ల, చుట్టూ ఎనిమిది మంది. ఈ యాప్‌లో ఏ గడి ఉండాలో, ఏది అక్కర్లేదో తేలుస్తున్నారు. జాయింట్ డైరెక్టర్ స్వరూప మేడమ్ మందు కోరుతూ ఊళ్ల నుంచి వచ్చిన పాత ఇండెంట్లు తిరగేస్తూ, "ఊళ్లలో సహాయకులు ఎప్పుడూ చెప్పిన సంఖ్యకు ఒకటిన్నర రెట్లు మందు అడుగుతున్నారు. ఎందుకు?" అని అడిగారు. గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చినవాడు అతనొక్కడే. అందరూ అతని వైపే చూశారు. చెప్పాలంటే మా అమ్మ వేలు మీద కొట్టేదని చెప్పాలి, మావాళ్లు ఉన్నది చెప్పరని చెప్పాలి. ఎవరో ఒకరు నవ్వుతారు, ఆ నవ్వు తను ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ వెంట వస్తుంది. సిగ్గేసింది. "అలవాటు మేడమ్. దుబారా," అన్నాడు. చెప్పిన సంఖ్యకు ఒకటిన్నర రెట్లు ఇచ్చే వీలును ఆ పూటే యాప్‌లోంచి కొట్టేశారు. జానమ్మ గొర్రెలు పదిహేడూ ఆ రెండు మాటల కింద పడి చచ్చాయని అతనికి ఇప్పుడు తెలిసింది.

ఉపకేంద్రానికి వచ్చాక పాత రిజిస్టర్లు ఇమ్మని అడిగాడు. రఘుపతి ఇవ్వడానికి వెనకాడాడు. అడిగింది పై అధికారి, ఇవ్వనని ఎట్లా అంటాడు? బీరువాలోంచి పన్నెండు తీశాడు. అట్టలు చిరిగిపోతే సిమెంటు సంచి కాగితంతో అట్టలేసి ఉంచాడు. ప్రతి పేజీలో పేరు, ఊరు, జీవాల సంఖ్య, వేసిన తేదీ. జానమ్మ పేరు ఎదురుగా పన్నెండేళ్లూ అరవయ్యే. కానీ ఆ అరవై కింద, చూసీ చూడనట్టు, నీలిసిరా చుక్కలు. ఒక ఏడాది మూడు, ఒక ఏడాది అయిదు, నిరుడు నాలుగు. పక్క పేరు కిందా చుక్కలున్నాయి. పేజీ అంతా చుక్కలే.

"ఇవేంటివన్నా?"

రఘుపతి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "ఏం లేదు సారూ. సిరంజి ఒక్కపారి నింపితే పది సూదులు వస్తయి. వాళ్లు చెప్పిన లెక్క ఒడ్శినంక ఇంక ఎన్ని సిరంజీలు నింపితే గన్ని చుక్కలు. మల్ల ఏడు ఎంత మందు అడగాల్నో నాకు యాది ఉండాలె గద."

అరవై కింద నాలుగు చుక్కలంటే వంద. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఈ మనిషి ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, ఊరి మందలన్నిటినీ ఈ చుక్కల్లో మోసుకొచ్చాడు. పై ఆఫీసు దాన్ని పద్దెనిమిది శాతం వృథా అని రాసుకుంది. అన్నింటినీ కొలిచిన కంప్యూటరుకు ఇది మాత్రం అందలేదు.

"అన్నా, ఇగ మెమో పోయినట్టే," అన్నాడు మల్లికార్జున్ ఉత్సాహం ఆపుకోలేక. "గీ చుక్కలు చూపిస్తే చాలు. తప్పు మీది కాదు, యాప్‌ది అని తేలిపోతది."

"వద్దు సారూ."

"ఎందుకు వద్దు?"

"వాళ్లు నాకు చెప్పలే సారూ. నేను అడగలే. అటు తిరిగి నిలవడ్డరు, నేను నా పని చేసుకొని అచ్చిన. నేను సూసింది రాసి పెట్టిన అని తెలిస్తె, అది మల్ల పైకి పోయిందని తెలిస్తె, ఇంకొక్కసారి కంప తీసి లోపటికి రానియ్యరు. నన్నే గాదు, నా తర్వాత అచ్చేటోన్ని గూడ." ఆయన రిజిస్టరు మూసి, దాని మీద చెయ్యి పెట్టాడు. "మెమోకేంది సారూ, ఒక్క కాయిదం. ఉండనియ్యుండ్రి. మీరు చెయ్యాల్నంటే ఆ పాత పద్ధతి వెట్టిపియ్యుండ్రి, చెప్పినదానికి సగం ఎక్కువ ఇచ్చే పద్ధతి. ఎందుకూ అని అడుగకుంట."

మల్లికార్జున్ సరేనన్నాడు. అప్పటికి ఆ మాట మీదే ఉన్నాడు కూడా.

గురువారం పొద్దున స్వరూప మేడమ్‌కు ఫోన్ చేసి, ఇండెంటుకు సగం అదనంగా ఇచ్చే వెసులుబాటు మళ్లీ పెట్టాలని చెప్పాడు. ఆవిడ మంచి ఆఫీసరు, వినే మనిషి. పూర్తిగా విన్నారు. "కారణం ఏం రాస్తావు మల్లికార్జున్? వృథా ఒక శాతానికి వచ్చిందని మనమే చెప్పాం. ఇప్పుడు యాభై శాతం అదనం అంటే నవ్విపోతారు. ఆధారం చూపించు. ఆధారం ఉంటే మెమో కూడా ఈ నెలలోనే తీయించేస్తా."

ఆధారం బీరువాలో ఉంది. బీరువాకు తాళం లేదు. పదకొండు గంటలప్పుడు ఎవరో పరుగెత్తుకొచ్చి, బర్రె ఈనలేక పడిపోయిందని చెబితే రఘుపతి సంచి తీసుకుని వెళ్లిపోయాడు. మల్లికార్జున్ ఒంటరిగా కూర్చుని చాలాసేపు కిటికీలోంచి ఇనుప బోను వైపు చూశాడు. ఆ రోజు బల్ల చుట్టూ ఎనిమిది మంది ముందు నోరు మూసుకున్నందుకే ఇంత జరిగింది. ఈసారి కూడా మూసుకుంటే ఇంక తనను తను క్షమించుకోలేనని అనిపించింది. డిసెంబరులో ఈ ముసలాయన మెడలో దండతో పాటు మెమో కూడా వేసుకుని ఇంటికి పోతాడా? పైగా మేలు చేస్తుంటే వద్దనడం పెద్దవాళ్లకు మామూలే. ఇలా ఒక్కొక్కటీ కూడదీసుకుని లేచాడు.

రిజిస్టర్లు తీసి బల్ల మీద పరిచి, ఫోన్‌తో ఒక్కో పేజీ ఫోటో తీశాడు. చుక్కలు సరిగా పడని చోట వెలుతురు వైపు తిప్పి మళ్లీ తీశాడు. నూట నలభై పేజీలు. తర్వాత ఎక్కడివి అక్కడ, అదే వరుసలో సర్దిపెట్టాడు. రఘుపతి తిరిగి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మోచేతుల దాకా సబ్బు నురగ ఇంకా ఆరలేదు, ముఖం వెలిగిపోతోంది. "పెయ్యదూడ సారూ. తల్లీ పిల్లా ఇద్దరూ మంచిగున్నరు," అన్నాడు. మల్లికార్జున్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నివేదికను అందరూ మెచ్చుకున్నారు. కొత్త విధానంలో లోపాన్ని పట్టుకోవడమే గాక సవరించే దారి కూడా చూపించిన నివేదిక అన్నారు. నెల తిరక్కముందే రఘుపతి మెమో రద్దయింది. సగం అదనం ఇచ్చే పద్ధతి మాత్రం రాలేదు. అక్కర్లేకపోయింది కాబట్టి రాలేదు. అసలు సంఖ్యలే చేతికి వచ్చాక అదనం ఎందుకు? ఆఫీసులో నవీన్‌కుమార్ అనే కుర్రవాడిని కూర్చోబెట్టి, ఒక్కో పేరుకు నిరుటి చుక్కలు పదులుగా కలిపి, యాప్‌లో జీవాల సంఖ్యలు మార్పించారు. సంఖ్య ఎప్పుడు మారినా సరే, నమోదైన ఫోన్‌కు ఒక మెసేజ్ దానంతట అదే వెళుతుంది. ఆ గడి కూడా రెండేళ్ల కిందట ఆ బల్ల మీదే పెట్టారు. జీవాలున్న వాళ్లకు తెలియకుండా ఏదీ జరగకూడదని చెప్పి పెట్టించింది మల్లికార్జునే.

నవంబరులో పక్క మండలంలో పారుడు రోగం పడింది. ముక్కులు కారి, విరేచనాలు పట్టి, మందలకు మందలే ఒరిగిపోతున్నాయని వార్త వచ్చింది. ఎర్రగుట్టపల్లికి ఈసారి ఏడు కాదు, పన్నెండు సీసాలు విడుదలయ్యాయి. ఎవరికీ తక్కువ పడదు. మల్లికార్జున్ ఆ రోజు తనే కావాలని వెళ్లాడు. రఘుపతి సర్వీసులో అదే ఆఖరి టీకాల విడత.

ఉపకేంద్రం దగ్గర రఘుపతి మంచు డబ్బా సర్దుతున్నాడు. మెమో రద్దయిన కాగితం వచ్చిందా అని అడిగితే, వచ్చిందన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని మల్లికార్జున్ చూశాడు. తిట్టినా బాగుండేది. ఆయన సిరంజిని నీళ్లలో పిచికారీ కొట్టి చూసుకుని, డబ్బా భుజానికి తగిలించుకుని, "నడువుండ్రి సారూ" అన్నాడు.

ముందురోజు సాయంత్రమే ఊళ్లో చాటింపు వేయించారు. అయినా మొదటి దొడ్డి ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడో దొడ్డి దగ్గర కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. కోడి కూయకముందే మందలన్నీ గుట్ట అవతలికి తోలుకుపోయారని దారిలో ఎదురైన ఒక ముసలాయన చెప్పాడు, వాళ్ల వైపు చూడకుండా. మెసేజ్‌లు వచ్చిన రోజున హోటలు దగ్గర చదువుకున్న పిల్లగాడు ఒకడు అందరి ఫోన్లూ తీసుకుని పెద్దగా చదివాడట. ఎవరెవరి మందలో ఎన్నున్నాయో ఊరంతా వింది. ఆ వారంలోనే ఊరకుక్కలు జానమ్మ దొడ్డిలో పడి గొర్రెపిల్లలను ఎనిమిదింటిని చంపాయి. ఇక ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"రోగం గుట్ట అవతలనే ఉన్నది సారూ," అన్నాడు రఘుపతి. "దాని నోట్లకే తోలుకపోయిండ్రు." మొత్తం మీద ఆ రోజు ఆయన అన్న కఠినమైన మాట అదొక్కటే.

జానమ్మ మాత్రం తన దొడ్డి దగ్గరే ఉంది. కుక్కలు దూరిన చోట కొత్త కంప నరికి అల్లుతోంది. చేతులకు ముళ్లు గీరుకుని రక్తం చారలు కట్టాయి. మంద ఆమె కొడుకు వెంట పోయినట్టుంది. మల్లికార్జున్ దగ్గరికి పోయి, "చిన్నమ్మా" అన్నాడు. ఆమె అల్లడం ఆపలేదు.

"మంచి మనసుతోనే చేసిన చిన్నమ్మా. సూదుల సారు మీదున్న కాయిదం పోవాల్నని చేసిన. నువ్వే చెప్పితివి గద. ఒక్కసారి మందను రప్పియ్యి. రోగం మంచిగ లేదు. ఈసారి అన్నిటికీ మందు ఉన్నది."

జానమ్మ చేతిలోని కొడవలిని నేల మీద పెట్టింది. కొంగుతో చేతులు అద్దుకుంది. కోపం లేదు ఆమె ముఖంలో. కోపమే ఉంటే కాళ్ల మీద పడైనా ఒప్పించేవాడు.

"నా ఫోన్‌ల వంద ఉన్నయని అచ్చింది బిడ్డా. మా ఆయనకు గూడ నేను ఎన్నడు చెప్పని లెక్క. పిలగాడు సదివిండు, నేను ఇన్న." అరచేతిలో విరిగిన ముల్లు లాగి పారేసింది. "సచ్చిన పదిహేడు గూడ అండ్లనే ఉన్నట్టున్నయి. కుక్కలు తిన్నయి గూడ ఉన్నయేమో. నీ చేతుల డబ్బాల మంచిగ బత్కుతున్నయి గద, ఆటికే ఎయ్యిండ్రి సూదులు."

అలా అని, కర్ర తీసుకుని దొడ్డికి అడ్డంగా ఉన్న కంపను పక్కకు జరిపింది. అతని కోసం మొదటిసారి జరిపినప్పటిలాగే, దారి వదిలి నిలబడింది. తర్వాత వాళ్లకు వీపు తిప్పి, గుట్ట వైపు చూస్తూ ఉండిపోయింది.

రఘుపతి భుజం మీది డబ్బా దించలేదు. మల్లికార్జున్ చేతిలో టాబ్ వెలిగి, వేసిన డోసుల సంఖ్య నింపమని అడుగుతోంది. అతను దొడ్డిలోకి చూశాడు. ఎండిన పెంటికలు తప్ప అందులో లెక్కపెట్టడానికి ఏమీ లేవు.